అరవై వాక్యాలు, కొన్ని కత్తిరింపులు

పుస్తకం చేతికి రాగానే బైండరు చేసే మొదటి పని పాత అట్ట పీకి పారేయడం. తర్వాత చిరిగిన ముందు కాగితాలు, మాసిన వెనక కాగితాలు, పాత దారం, ఎండి పెళుసెక్కిన జిగురు, అన్నీ బుట్టలోకి పోతాయి. మిగిలిన లావుపాటి కట్టను బల్ల మీద రెండు దెబ్బలు వేసి అంచులు సమం చేస్తే గానీ అతని ప్రాణం కుదుటపడదు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. అతని లెక్క ప్రకారం లోకంలో ప్రతి వస్తువుకూ లోపల కొంత సరుకు, పైన కొంత చెత్త ఉంటాయి. చెత్త తీసేస్తే సరుకు తేలుతుంది. పుస్తకాల దగ్గర ఈ సిద్ధాంతం ఎన్నడూ బెడిసికొట్టలేదు. అక్క గొంతు దగ్గర బెడిసికొట్టింది.

అక్క అతని కంటే ఆరేళ్లు పెద్ద. బస్టాండు ఎంక్వయిరీ కౌంటరులో మైకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు కూర్చుని నిరుడే రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. తమ్ముడి ఇంట్లోనే వీధి వైపు గది ఆమెది. ఆ ఊళ్లో ఆమె ముఖం తెలిసినవాళ్లు తక్కువ గానీ గొంతు తెలియనివాళ్లు లేరు. కూరగాయల దుకాణంలో నిలబడి "ఇవి ఇవాళ్టివేనా?" అని అడిగితే, పక్కనున్నవాళ్లు సంచులు సర్దుకుని బస్సు కోసం చూసేవాళ్లు.

ఆ గొంతులోనే జబ్బు వచ్చింది. డాక్టరు మంచివాడు, మాట నాన్చలేదు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, మనిషి దక్కుతుంది, గొంతు దక్కదు అని చెప్పాడు. బైండరు అదే మాట మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. అక్క మాత్రం సంచిలోంచి పెన్ను తీసి, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఇంటికి ఏ రోజు పంపుతారు అని అడిగి చీటీ మీద రాసుకుంది.

ఇంటికి వచ్చాక ఇంకో కాగితం తీసింది. రోజూ తాను ఇంట్లో అనే మాటలన్నీ వరసగా రాసింది. ఒకటి, తలుపు గడియ వేశారా? రెండు, ఫ్యాను తగ్గించండి. మూడు, నాకు ఆకలిగా లేదు, బలవంతపెట్టకండి. అలా అరవై తేలాయి. ఒక మనిషి రోజువారీ జీవితం అరవై వాక్యాల్లో సరిపోయిందా అని బైండరు భార్య ఆశ్చర్యపోయింది. "ఇంకా ఎక్కువే రాశానే మరదలా, తిట్లన్నీ కొట్టేశాను," అంది అక్క.

"ఇవి నేను కెమెరా ముందు చెప్తాను," అని తమ్ముడికి వివరించింది. "నువ్వు నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ వాక్యానికి ఆ వాక్యం ముక్క చేసి, నంబర్లు వేసి పెట్టు. నేను ఆసుపత్రి నుంచి వచ్చాక ఏ నంబరు నొక్కితే ఆ మాట పలకాలి. ముఖం కూడా కనపడాలి. ఉత్త గొంతు వినిపిస్తే బస్టాండే గుర్తొస్తుంది అందరికీ."

"ఒక్క నిమిషం అక్కా, నాకు కంప్యూటర్లో పుస్తకాల వీపు మీద పేర్లు కొట్టుకోవడం తప్ప ఏమొచ్చు?" అన్నాడు బైండరు. ఒక్క నిమిషం అనేది అతని ఊతపదం. ఆ నిమిషం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అతనికీ తెలియదు.

"రాకపోతే నేర్చుకో," అంది అక్క. ఆమెతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

బైండరు ఎప్పుడూ పుస్తకాలు కుట్టిపెట్టే స్కూల్లో లైబ్రేరియన్ ఉన్నాడు. ఆయన్ను అడిగితే స్కూలు వీడియో కెమెరా ఇచ్చాడు. మంచి హెచ్‌డీ కెమెరా, మూడు కాళ్ల స్టాండూ, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకూ ఉన్నాయి. "గురువారం మాకు ఆటల పోటీలున్నాయి. మంగళవారానికి తెచ్చేయండి. కార్డు ఖాళీ చేసి ఇస్తే చాలు," అన్నాడు లైబ్రేరియన్. బుధవారం ఆపరేషన్. అన్నీ కలిసొచ్చాయనుకున్నాడు బైండరు.

ఆదివారం పొద్దున కిటికీ దగ్గర కుర్చీ వేసి అక్కను కూర్చోబెట్టాడు. బటను నొక్కగానే ఎర్ర దీపం వెలిగింది. ఒకసారి వెలిగిన దీపం ఆపితే మళ్లీ వెలుగుతుందో లేదోనని అతనికి భయం పట్టుకుంది. అందుకని అరవై వాక్యాలూ అయ్యేదాకా ఆపనేలేదు. మధ్యలో స్టాండు సరిచేయడానికి వెళ్లినా, పరదా జరపడానికి వెళ్లినా, భార్యను మిక్సీ ఆపమని కేకేసినా, కెమెరా తన పాటికి తాను తీస్తూనే ఉంది. నలభై నిమిషాలు పట్టింది. చివర్లో అక్క మైకు ఊడదీసి చేతిలో పెడితే, దాని మీదున్న బుల్లి స్విచ్చిని అతను అలవాటు కొద్దీ నొక్కాడు. అవసరం లేని దీపాలూ ఫ్యాన్లూ ఆపుకుంటూ తిరగడం ఆ ఇంటి మగాళ్లకు తాతల నాటి అలవాటు.

సోమవారం కార్డును కంప్యూటరుకు పెట్టాడు. తెరిస్తే ఒక ఫోల్డరు, అందులో ఇంకో ఫోల్డరు, అందులో మరొకటి. అన్నింటికన్నా లోపలి దాంట్లో రెండే రెండు లావుపాటి ఫైళ్లున్నాయి. చుట్టూ మాత్రం అర్థం కాని పేర్లతో గోరంత ఫైళ్లు బోలెడు. చూడగానే అతని చేతులకు పని తెలిసిపోయింది. లావువి రెండూ సరుకు, మిగతావన్నీ అట్టలు. రెండింటినీ కంప్యూటర్లోకి లాగి, మొదటిదాన్ని నొక్కి చూశాడు. అక్క బొమ్మ కుదుపులతోనైనా కనిపించింది. ఇంకా మాట మొదలుకాకముందే భార్య, ఆసుపత్రి కాగితాలు ఎక్కడ పెట్టారండీ అని అరిచింది. సరే, వచ్చింది కదా అనుకుని లేచాడు. కార్డులో ఉన్నదంతా చెరిపేసి, కెమెరాను మెత్తటి గుడ్డతో తుడిచి, మంగళవారం పొద్దున్నే అప్పగించి, నిజాయితీపరుడినని తనను తానే మెచ్చుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. అక్క మెడకు ఓ కట్టు, చేతికి ఓ పలక వచ్చాయి. పదకొండో రోజు, అంటే పై వారం శనివారం, ఇంటికి పంపుతామన్నారు. ఆ గడువు పెట్టుకుని బైండరు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొని కంప్యూటర్లో వేసుకున్నాడు. సోమవారం పగలు షాపు మూసి, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఇంపోర్ట్ అన్న చోట నొక్కాడు.

కెమెరా దొరకలేదు అంది సాఫ్ట్‌వేర్.

కెమెరా ఎందుకు, ఫైలు ఇక్కడే ఉంది కదా అని ఫోల్డరు చూపించాడు. ఇందులో కెమెరా ఫోల్డరు లేదు అంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట. కార్డులోని ఆ ఫోల్డర్ల వరస కళ్లముందు కదిలింది. ఒకదాంట్లో ఒకటి, చక్కగా అమర్చి ఉన్నాయి. వాటిని తానే తుడిచేశాడు. ఈపాటికి ఆ కార్డులో స్కూలు పిల్లలు పరుగు పందెం పరిగెత్తి ఉంటారు.

తర్వాత ఎందుకో ఒక ఫైలును పట్టుకుని నేరుగా సాఫ్ట్‌వేర్ కిటికీలోకి లాగి వదిలాడు. అది కాదనలేదు. కింద ఒక గీత కనిపించి, మెల్లిగా నిండడం మొదలుపెట్టింది. రెండు శాతం. కంప్యూటరు ఫ్యాను రొద పెట్టింది. మూడు శాతం. పుస్తకాల వీపు మీద పేర్లు కొట్టుకునే ముసలి కంప్యూటరుకు అంత పెద్ద బొమ్మ మింగుడు పడటం లేదు. అతను భోజనానికి లేవలేదు. లేస్తే గీత ఆగిపోతుందని ఒక పిచ్చి నమ్మకం. భార్య కంచం తెచ్చి పక్కన పెట్టి, "మీరు చూస్తుంటే అదేమన్నా సిగ్గుపడి తొందరగా పనిచేస్తుందా?" అని వెళ్లింది.

సాయంత్రం నాలుగింటికి గీత నిండింది. అక్క తెర మీదికి వచ్చింది. కిటికీ వెలుగులో చీర కుచ్చిళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. కాగితం ఎత్తి పట్టుకుంది. నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. మాట మాత్రం రాలేదు.

స్పీకర్ వైరు చూశాడు. సరిగ్గానే ఉంది. వేరే పాట ఒకటి పెట్టి చూశాడు, గది దద్దరిల్లింది. మళ్లీ అక్కను పెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, కనుబొమలు ఎగురుతున్నాయి, వేలు చూపించి ఎవరినో ఏదో అంటోంది. ఉలుకూ పలుకూ లేదు. ఆపరేషన్‌కు ముందు తీసిన బొమ్మ అది. కానీ నిన్న ఆసుపత్రి మంచం మీద అక్క అచ్చం అలాగే ఉంది. అలవాటు కొద్దీ ఏదో చెప్పబోయి, పెదాలు కదిపి, గుర్తొచ్చి పలక తీసుకుంది. ఆ ఇద్దరు అక్కలకూ తేడా కనపడక బైండరు తెర ఆపేశాడు. భయం అంటే ఏమిటో ఆ సాయంత్రం అతనికి తెలిసింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్తే అక్క పలక మీద రాసింది, "కంప్యూటర్లోకి ఎక్కిందా?"

"ఎక్కిందక్కా," అన్నాడు. అబద్ధం కాదు, బొమ్మ ఎక్కింది.

"బాగా వచ్చిందా?"

"చాలా స్పష్టంగా ఉంది. చీర రంగు కూడా." మందుల చీటీ పట్టుకుని బయటికొచ్చేశాడు. వరండాలో భార్య అడిగింది. "వదినకు ఏం చెప్పారు?"

"ఏం చెప్పమంటావు? గొంతు పారేశానని చెప్పనా?"

"పారేశారో లేదో ఇంకా తెలియదు కదండీ."

తెలియకపోవడమే అతన్ని తినేస్తోంది. పోయిందని తెలిస్తే ఏడ్చి ఊరుకునేవాడు. దారి పొడవునా రెండు అనుమానాలు వంతులేసుకుని పొడిచాయి. ఒకటి, అట్టలని పారేసిన ఆ గోరంత ఫైళ్లలోనే గొంతు ఉండి ఉంటుంది. రెండోది ఇంకా ఘోరం. చివర్లో మైకు స్విచ్చి తాను ఎటు నొక్కాడు? ఆపాడా, లేక మొదట్నుంచీ ఆగి ఉన్నదాన్ని అప్పుడు వేశాడా? చెయ్యి గాల్లో పెట్టి బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. పైకి నొక్కినట్టే ఉంది, కిందికి నొక్కినట్టూ ఉంది. బస్సులో ఎదుటి సీటాయన ఇతని బొటనవేలి వంక ఒకసారి, ముఖం వంక ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు.

షాపులో పని సాగలేదు. లా కాలేజీ వాళ్ల లావు పుస్తకానికి అట్ట తలకిందులుగా అంటించాడు. ముప్పై ఏళ్లలో ఇది రెండోసారి. మొదటిసారి కొడుకు పుట్టిన రోజు. విప్పి మళ్లీ అంటిస్తూ, ఇవాళ మంగళవారం, శనివారానికి నాలుగు రోజులు అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అక్క ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చుని ఒకటో నంబరు నొక్కుతుంది. తన ముఖం తనను మూగగా చూస్తుంది. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరుగుతుంది. అక్కడితో అతని ఆలోచన ఆగిపోయేది. ఆమె ముఖంలో ఏముంటుందో ఊహించే ధైర్యం లేదు.

బుధవారం మధ్యాహ్నం రెండు ఫైళ్లనూ పెన్‌డ్రైవులో వేసుకుని ఫోటో స్టూడియోకు వెళ్లాడు. స్టూడియో నడిపేది ఒక మధ్యవయసు ఆవిడ. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, దాని కోసం బల్లంతా వెతుక్కునే రకం. పని మాత్రం గట్టిగా తెలిసిన మనిషి. బైండరు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. గోరంత ఫైళ్లు పారేశానన్న చోట ఆవిడ కళ్లు మూసుకుంది.

"ఫోల్డర్ల పెట్టెతో సహా దింపుకోవాలండీ," అంది. "ఆ చిన్నవన్నీ కలిసి విషయసూచిక అనుకోండి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క, ఎక్కడ అతుకు, అన్నీ వాటిలో ఉంటాయి. మీకు నేను చెప్పాలా, పుస్తకాల వాళ్లు."

బైండరు తల వంచుకున్నాడు. "గొంతు కూడా వాటిలోనే ఉండిపోయిందా మేడం?"

"లేదు, లేదు. గొంతు లావు ఫైల్లోనే ఉంటుంది, బొమ్మతో పాటు. కాకపోతే మీ సాఫ్ట్‌వేర్‌కి ఈ రకం బొమ్మ తెలుసు, ఈ రకం శబ్దం తెలియదు. అందుకని బొమ్మ తీసుకుని శబ్దం వదిలేసి ఉంటుంది. చాలామందికి ఇలాగే అవుతుంది." పెన్‌డ్రైవు అందుకుంది. "అసలు రికార్డయి ఉంటేనే అనుకోండి. మైకు వేశారు కదా?"

బైండరు బొటనవేలు తనకు తానే కదిలింది. "వేశాననే అనుకుంటున్నాను."

"అయితే తెరిచి చూద్దాం," అని ఆవిడ కళ్లజోడు కోసం బల్లంతా వెతికి, బైండరు చూపిస్తే నుదుటి మీద నుంచి దించుకుంది.

ఆవిడ కంప్యూటర్లో ఫైలు పడింది. బొమ్మ కింద నల్లటి పట్టీ ఒకటి వచ్చింది. అందులో సన్నటి ఆకుపచ్చ గీత, నేల మీద పరిచిన దారంలా చదునుగా ఉంది. శబ్దం ఉంటే ఈ గీత లేస్తుంది, లేకపోతే ఇలాగే ఉంటుంది అని చెప్పింది. గీత సాగుతోంది. లేవడం లేదు. బైండరు బల్ల అంచు పట్టుకున్నాడు. ఒక సెకను, రెండు, మూడు.

నాలుగో సెకను దగ్గర గీత ఎగిసింది.

"అక్కా, ఎర్ర దీపం వచ్చింది, ఇక కానీ," అంది బైండరు గొంతు. ఆ వెంటనే ఇంకో గొంతు, ఊరంతటికీ తెలిసిన గొంతు. "ఒకటో వాక్యం. తలుపు గడియ వేశారా?"

స్టూడియో బయట బెంచీ మీద కూర్చున్నాయన తలెత్తి లోపలికి చూశాడు. బైండరు అక్కడే స్టూలు మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆవిడ కుర్చీ అటు తిప్పుకుని, సర్దే పనేమీ లేకపోయినా కాసేపు వైర్లు సర్దింది.

శబ్దాన్ని అతని సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన రకంగా మార్చి, బొమ్మతో జత చేసి ఇచ్చింది. కెమెరా దానంతటదే రెండు ఫైళ్లుగా విడగొట్టిన చోట మాత్రం అరక్షణం పోయింది. అక్కడున్న ఇరవై ఏడో వాక్యం "కిటికీ తలుపులు" అని ఆగి, "రండి" అని ముగిసింది. విషయసూచిక ఉండి ఉంటే అతుకు తెలిసేది కాదంది. బైండరు దానికి బాధపడలేదు. కిటికీ తలుపులు మూయడం తమకు చెప్పకపోయినా వచ్చు.

వెళ్లేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. "ఒక్క మాట. ఇక ఏదీ పారేయకండి. కత్తిరించినవి కూడా."

గురువారం, శుక్రవారం అతను షాపు తెరవలేదు. ఇప్పుడు పని సులువు. ఆకుపచ్చ గీతలో అక్క వాక్యాలు ఎత్తుగా దిట్టంగా గుట్టలు కట్టి కనిపిస్తున్నాయి. బస్టాండు గొంతు మరి. గుట్టకూ గుట్టకూ మధ్య చిన్న చిన్న బుడిపెలు. అవి తన గొంతూ, కుర్చీ చప్పుడూ, మిక్సీ రొదా అయ్యుంటాయి. వినడానికి తీరిక లేదు. శనివారం తరుముకొస్తోంది. అంచులు కోసే మిషను మీద చెయ్యి ఆడినట్టే ఇక్కడా ఆడింది. గుట్టకు ముందొక కోత, వెనకొక కోత. గుట్టను నంబరు వేసి దాచడం, మధ్యలోది అవతల పడేయడం. శుక్రవారం సాయంత్రానికి అరవై ముక్కలూ వరసగా నిలబడ్డాయి. అవతల పడేసిన తుక్కు ఒక పక్కన పోగుపడింది. దాన్ని ఎంచుకుని చెరిపేసే బటను మీద వేలు పెట్టాడు. ముప్పై ఏళ్ల అలవాటు నొక్కమంది. స్టూడియో ఆవిడ గుమ్మంలో అన్న మాట వద్దంది. చాలాసేపు ఆలోచించి ఒక కొత్త ఫోల్డరు చేసి, దానికి కత్తిరింపులు అని పేరు పెట్టి, తుక్కంతా అందులో వేశాడు. ఇల్లు ఊడ్చి చెత్త మూలన దాచుకున్నట్టనిపించి ఇబ్బంది పడ్డాడు.

శనివారం అక్క ఇంటికొచ్చింది. అతను ఊహించినట్టే చేతులు కడుక్కుని నేరుగా కంప్యూటరు ముందు కూర్చుంది. పలక ఒళ్లో పెట్టుకుంది. వెనక బైండరు, అతని భార్య నిలబడ్డారు. అక్క ఒకటి నొక్కింది. "ఒకటో వాక్యం. తలుపు గడియ వేశారా?" అని తెర మీది అక్క అడిగింది. కూర్చున్న అక్క కదల్లేదు. రెండు నొక్కింది, మూడు నొక్కింది. పన్నెండు దాకా వెళ్లి ఆగింది. ముఖంలో సంతోషం లేదు. ఇంకా ఏ తప్పు జరిగిందో, ఎక్కడ జరిగిందో అని బైండరు కళ్లు తెరంతా వెతికాయి.

అక్క పలక మీద రాసి చూపించింది. "ఇది బస్టాండు."

భార్య నవ్వాపుకోలేకపోయింది. నిజమే. కెమెరా ముందు కాగితం పట్టుకోగానే అక్క ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలోకి వెళ్లిపోయింది. ఆకలిగా లేదు, బలవంతపెట్టకండి అన్న మాట, ఏదో బస్సు రద్దయిందని చెప్పినట్టుంది. అక్క మళ్లీ రాసింది. "ఇంకేం లేదా?"

"ఇంకేముందక్కా, మిగిలిందంతా తుక్కు. నా గోలా, కుర్చీల చప్పుడూ. పారేయలేదనుకో, పక్కన పెట్టాను."

"అది వెయ్యి."

"వినడానికేం ఉండదక్కా."

అక్క పలక మీద ఆ మాట కింద ఒక గీత గీసింది. బైండరు కత్తిరింపుల ఫోల్డరు తెరిచి, మొదటి ముక్క నుంచి వరసగా పలికేలా పెట్టాడు.

"అట్లా వంగకురా, స్టాండు తన్నుకుని పడతావు," అంది అక్క గొంతు. మైకు పైటకే ఉండటంతో మెల్లిగా అన్న మాట కూడా చెవి దగ్గర చెప్పినట్టుంది. "నువ్వు చిన్నప్పుడూ ఇంతే, ఫోటో అంటే చాలు, చెమటలు." తర్వాత తన గొంతు, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం." "నీ నిమిషాలన్నీ కూడబెడితే నేను ఇంకో ఉద్యోగం చేసేదాన్ని." దూరంగా మిక్సీ. "వంటింట్లో ఆవిడ మీద అరవకు, పాపం పొద్దుట్నుంచీ నిలబడే ఉంది."

భార్య నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. అక్క భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు గానీ నవ్వుతోంది, మెడ కట్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతోంది. బైండరుకు ఆ వారంలో మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది. ఇదీ అక్క. తను కోసి అవతల పడేసింది ఇదే. ఎవరి గొంతు కోసం అన్ని రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడో, ఆ గొంతు తనతో పోట్లాడుతూ తుక్కులో ఉంది.

ముక్కలు ఒకదాని వెంట ఒకటి పలుకుతున్నాయి. ముప్పయ్యో వాక్యం తర్వాతి ముక్క వచ్చింది. అడుగుల చప్పుడు, పరదా ఉంగరాలు జారిన చప్పుడు. వీధిలో లారీ ఏదో వెనక్కి వస్తున్నట్టుంది. దాని మధ్యలో, చాలా మెల్లిగా, అక్క గొంతు.

"ఒరే. నాకు భయంగా ఉందిరా."

"ఒక్క నిమిషం అక్కా, వెలుగు సరిపోవట్లేదు," అంది దూరం నుంచి బైండరు గొంతు.

తర్వాత కాసేపు ఏమీ లేదు. అక్క గొంతు సవరించుకుంది. ముక్క అక్కడితో అయిపోయింది. ఆ పైన వచ్చేది ముప్పై ఒకటో వాక్యం, దాన్ని శుభ్రంగా కోసి నంబరు వేసి దాచేశాడు.

తర్వాతి ముక్క మొదలవుతుంటే బైండరు ఆపేశాడు. భార్య నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను తెర వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ ఆదివారం తనకు గుర్తుంది. పరదా గుర్తుంది, లారీ గుర్తుంది, ఎర్ర దీపం ఆరిపోతుందేమోనన్న బెంగ గుర్తుంది. ఈ మాట లేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట భయం అన్న మాట అతను వినలేదు. ఆ ఒక్కసారి అంటే, వెలుగు సరిపోలేదన్నాడు.

"నాకు వినపడలేదక్కా," అన్నాడు.

అక్క పలక తుడిచి రాసింది. "వినపడకూడదనే మెల్లిగా అన్నాను."

అతను ఆ అక్షరాల్ని రెండుసార్లు చదివాడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయనిపించింది. నాక్కూడా భయంగానే ఉండిందని, ఇన్ని రోజులూ ఉందని, నీకు అబద్ధం చెప్పానని. అవేవీ చెప్పకుండా, అప్పుడు అడగాల్సింది అడిగాడు.

"ఇప్పుడుందా అక్కా?"

అక్క బలపం వేళ్ల మధ్య తిప్పింది. పలక మూలన, చిన్న అక్షరాలతో రాసింది. "ఉంది."

వంటింట్లోంచి భార్య ఏదో అడిగింది. ఒక్క నిమిషం అనలేదు అతను. కంప్యూటరు ఆపలేదు, ఫ్యాను తగ్గించలేదు. కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చున్నాడు.